అరవై రెండో పాట

“గిట్ల ఒక్కొక్కటి నొక్కుకుంట కూసుంటే, తెలంగాణ వచ్చినా నీ పాటలు గావు!”

రీచార్జికి వచ్చిన పిల్ల మాటకు శ్రావణ్‌కు చుర్రుమంది. కోరుట్లలో అతనిది చిన్న రికార్డింగ్ షాపు. మల్లాపూర్, గొల్లపల్లి తిరిగి, కూలికి పోయే ఆడవాళ్లు పాడిన ఉద్యమం పాటలు నూటపన్నెండు రికార్డు చేసుకొచ్చాడు. సాయంత్రం సిరిసిల్ల సభలో మోగాలంటే అన్నీ ఎంపీత్రీ ఫైళ్లుగా మారాలి. అరవై రెండోది వాళ్లమ్మ దేవవ్వ పాట. పొలం గట్టు దాటని ఆ గొంతు మైకులో వినబడబోయేది ఇదే మొదటిసారి.

“అంత వస్తే నువ్వే చెయ్యి.”

“జరుగు మరి.”

పేరు కృపారాణి. జగిత్యాలలో ఇంజనీరింగ్. సకల జనుల సమ్మెతో కాలేజీ బంద్. కంప్యూటర్‌లో ‘మేక్’ అనే టూల్‌కు పది లైన్లు రాసి ఎంటర్ కొట్టింది. పాటలు వాటంతటవే వరసగా మారిపోతున్నాయి. శ్రావణ్ మాత్రం ఆమె వేళ్లనే చూస్తున్నాడు.

“స్క్రీన్ గిటుంది సారూ!”

అతను సిగ్గుపడేలోపే కరెంటు పోయింది. సరిగ్గా అరవై రెండో పాట సగంలో!

“అయిపాయె! మా అవ్వ పాటకే గిట్లయిందా? మళ్ల మొదటికెల్లి చెయ్యాల్నా?”

“లొల్లి చెయ్యకు. అయిన అరవై ఒక్కటి ముట్టదు. సగంల ఆగినదాన్నే మళ్ల అందుకుంటది. పాట పూర్తయినంకనే అసలు పేరు పెట్టుమని రాసిన, పేరు లేకుంటే కానట్టే లెక్క.”

గంటకు కరెంటు వచ్చింది. ఆమె అన్నట్టే అయింది. మెమొరీ కార్డు జేబులో వేసుకుని, తల్లిని బండెక్కించుకుని శ్రావణ్ సిరిసిల్లకు ఉరికాడు.

సభలో పాట మోగింది. “గది నా గొంతే!” అని దేవవ్వ పక్కవాళ్లందరికీ చెప్పుకుంది. ఆమెను చూసి శ్రావణ్‌కు గర్వంతో కళ్లు నిండాయి.

మరునాడు కృపారాణి మళ్లీ వచ్చింది.

“నిన్ననే గద రీచార్జి చేసుకున్నవ్?”

“నా ప్రోగ్రాం చూసుకుందామని వచ్చిన.”

ఎంటర్ కొట్టింది. అన్నీ అయిపోయినవే కదా, ఏదీ కదలదనుకుంది. కానీ పాటల మధ్య కొత్తగా చేరిన ఫైలొకటి ఎంపీత్రీగా మారింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. శ్రావణ్ గొంతు.

“కృపా, నిన్న మా అవ్వను చూసి గర్వపడ్డ. సభల అందరికి నీ గురించి చెప్పుకుంట ఇంకింత గర్వపడ్డ. జీవితమంత గట్లనే చెప్పుకోవాలనుంది. నేనంటే ఇష్టమేనా?”

శ్రావణ్ గోడ మీది క్యాలెండర్ చదువుతున్నాడు. కృపారాణి ముఖం ఎర్రబడింది.

“సగంల ఆపకుంట మొత్తం చెప్పినవ్ పో. ఇగ పేరు పెట్టొచ్చు. మీ అవ్వను మా ఇంటికి సంబంధం మాట్లాడ తోలు.”