కుండ ఎక్కడ దించాలి

నేలని కిందికి లాగింది మీరు. జకార్తా నడిబొడ్డున అద్దాల మేడలు లేపి, వాటి అడుగున పాతాళం దాకా బోర్లు దించి, రాత్రనక పగలనక నీళ్లు తోడుకున్నది మీరు. మీ ఈతకొలనులు నిండాయి, మీ పచ్చికలు కళకళలాడాయి, అడుగున నీళ్లు పోయిన నేల మాత్రం కూలబడింది. ఉత్తరాన సముద్రపు గోడ పక్కనున్న సందులు ఏటికేడు దిగబడ్డాయి. ఇప్పుడు వచ్చి, "మీ ఇళ్లు ముంపులో ఉన్నాయి, మీ క్షేమం కోసమే ఖాళీ చేయిస్తున్నాం" అంటారా? ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది? ఆ సందుల్లో ఒకదాంట్లో రొకాయా ఇల్లుంది. ఆ ఇంట్లో ఏం జరిగిందో వినండి. ఆ తర్వాత మాట్లాడండి.

ఆ పొద్దున కూడా రొకాయా ఎప్పటిలాగే గుమ్మం ముందు బల్ల వేసి కొబ్బరిపాల అన్నం అమ్ముతోంది. అరిటాకులో అన్నం, పైన వేయించిన టెంపే అనే పులిసిన సోయాగింజల ముక్కలు, పక్కన ఇంత మిరపకారం. నిండు నెలల కోడలు లస్త్రి లోపల పొయ్యి దగ్గర టెంపే ముక్కలు తిప్పుతోంది. చేపల మార్కెట్‌లో పెట్టెలు దించి వచ్చిన కొడుకు సర్మాన్, ఒళ్లంతా నీచు వాసనతో మెట్టు మీద కూలబడ్డాడు.

"అమ్మా, సాయంత్రం లోపల వార్డు ఆఫీసుకెళ్లి తాళం తీసుకోవాలట. లేకపోతే మన పేరు కొట్టేస్తారట."

"ఏ తలుపు తాళంరా?"

"ఫ్లాటుది. ఊరికి తూర్పు కొసన. పదకొండో అంతస్తు."

"పదకొండా! అక్కణ్ణించి అన్నం ఎలా అమ్మమంటావు? బుట్టలో పెట్టి తాడు కట్టి దించనా?"

అన్నం తింటున్న వాళ్లు ఘొల్లుమన్నారు. సర్మానూ నవ్వాడు. నవ్వాక, అమ్మ చెప్పిందీ నిజమే కదా అనిపించింది. అతనితో వచ్చిన చిక్కే అది. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్లది నిజమనిపిస్తుంది. పక్క ఊరు బెకాసిలో ఉన్న అక్క, "మా వెనక గది ఖాళీగానే ఉందిరా, వచ్చెయ్యండి" అంటే బెకాసి మంచిదనిపించింది. తోటి కూలీ ఒకడు మార్కెట్ వెనక కిటికీ లేని గది చూపిస్తే, పనికి దగ్గర కదా, ఇదే మేలనిపించింది. లస్త్రి ఫ్లాటంటే ఫ్లాటు. అమ్మ కదలనంటే ఇక్కడే. నెలల తరబడి అతని బుర్రలో ఇల్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, ఎక్కడా ఆగడం లేదు.

లస్త్రి అట్లకాడ చేత్తోనే బయటికొచ్చింది. "ఏవయ్యా, ఇంకా కూర్చున్నావే? స్నానం చేసి వెళ్లి తాళం తీసుకురా."

"వెళ్తాలే. అమ్మ ఏమంటుందంటే..."

"అత్త ఏమంటుందో నాకు తెలుసు. పోయిన వానల్లో ఈ పొట్టేసుకుని మంచమెక్కి కూర్చున్నాను. నా కళ్లముందే గిన్నెలు తేలుకుంటూ వీధిలోకి పోయాయి. చెప్పులు తేలే ఇంట్లో నా బిడ్డ పాకదు."

"నలుగురు పాకారే ఈ ఇంట్లో!" రొకాయా గరిటె పక్కన పెట్టింది. "సరే, వెళ్దాం. పదకొండో అంతస్తులో మావి ఎక్కడ పాతుతావో చెప్పు. చెబితే ఇప్పుడే బల్ల ఎత్తేస్తా."

ఆ సందులో మావి అంటే బిడ్డకు తమ్ముడు. వెనకాలే పుట్టిన తోబుట్టువు. తండ్రి దాన్ని తన చేత్తో కడిగి, కుండలో పెట్టి, గుమ్మం పక్కన పాతాలి. నెల దాటేదాకా పైన దీపం పెట్టాలి. ఆ తమ్ముడు ఎక్కడుంటే బిడ్డ చోటు అక్కడ. రొకాయా మెట్టు కింద సర్మాన్‌దీ, అతని తోడబుట్టినవాళ్లవీ కలిపి నాలుగు కుండలున్నాయి. ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం ఆ మెట్టు మీద ఆమె దీపం పెడుతుంది.

"ఫ్లాటుల్లో అందరూ పూలకుండీలో పాతుతున్నారట," అంది లస్త్రి గొణుగుతూ.

"కుండీలోనా? తమ్ముడనుకున్నావా, మిరపమొక్క అనుకున్నావా?"

"అయితే నీళ్లలో పాతమంటావా? అత్తా, ఒక్క మాట చెప్పు. నీకు పాతిపెట్టినవాళ్లు ఎక్కువా, పుట్టబోయేవాళ్లు ఎక్కువా?"

రొకాయా ముఖం పాలిపోయింది. తింటున్నవాళ్లు ఆకులు మడిచి మెల్లగా జారుకున్నారు. సర్మాన్ నోరు తెరిచాడు గానీ, ఎవరి వైపు మాట్లాడాలో తెలియక మూసేశాడు.

ఆమె లోపలికెళ్లి గునపం తెచ్చింది. "సరే కోడలా. నా నలుగురినీ తవ్వి తీస్తా. ఆ మట్టి మూట కట్టుకుని నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా."

తల్లి మెట్టు మీద రెండు పోట్లు వేసేసరికి సర్మాన్ గునపం లాక్కుని తనే తవ్వాడు. పైన సిమెంటు. దాని కింద ఆలుచిప్పలూ ఇటుకముక్కలూ. వాటి కింద నీలం పలకలు.

"ఇది మీ నాన్న వేయించిన గచ్చురా," అంది రొకాయా వంగి. "పెద్ద వరదొచ్చిన ఏడు ఎత్తు చేయించాడు."

మళ్లీ ఆలుచిప్పలు. మళ్లీ గచ్చు, ఈసారి ఎర్రది. "ఇది మీ తాతది." దాని కింద గునపం దిగగానే నల్లటి నీళ్లు బుడబుడమని పైకొచ్చాయి. మట్టీ తగల్లేదు, కుండలూ తగల్లేదు. సర్మాన్ భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. నీళ్లే. ఉప్పు కంపు కొట్టే నీళ్లే.

అతను తలెత్తి గుమ్మం వైపు చూశాడు. చిన్నప్పుడు ఆ దర్వాజా పైకమ్మి అందుకోవాలని ఎగిరేవాడు. ఇప్పుడు వంగితే తప్ప లోపలికి పోలేడు. ఇన్నేళ్లూ తను పొడుగయ్యానని మురిసిపోయాడు. పెరిగింది తను కొంతే. మిగతాదంతా ఇల్లు మునగడమే. వరద వచ్చినప్పుడల్లా గచ్చు మీద గచ్చు పోసుకుంటూ, మునిగిన ఇంటి నెత్తిన మరో ఇల్లు పెట్టుకుంటూ, కదల్లేదనుకుంటూ బతికారు.

రొకాయా గుంట పక్కనే కూర్చుండిపోయింది. "నీళ్లలో ఉన్నార్రా నా పిల్లలు. ఇన్నాళ్లూ నేను దీపం పెట్టింది ఎవరికిరా?" ముక్కు చీది, "పద. ఫ్లాటుకే పోదాం," అంది.

లస్త్రి వచ్చి అత్త పక్కన చతికిలబడింది. కళ్లనిండా నీళ్లు. "వద్దత్తా. వీళ్లని ఇలా వదిలేసి ఎక్కడికి పోతాం? ఇక్కడే ఉందాం."

సర్మాన్‌కి పిచ్చెక్కినట్టయింది. "ఇందాక నువ్వే కదే ఫ్లాటన్నావు! అమ్మేమో ఇక్కడే అంది!"

"ఇందాక నేను ఈ నేల చూళ్లేదు."

"ఇందాక నేనూ చూళ్లేదు," అంది రొకాయా.

"మరి నేనిప్పుడు ఎవరి మాట వినాలి?"

అంతలోనే లస్త్రికి నొప్పులొచ్చాయి.

ఆసుపత్రిలో మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. సర్మాన్ మావి కడిగి, ఉప్పు చల్లి, పూలు వేసి, కుట్టుపని రావాలని సూదీ చదువు రావాలని పెన్సిలూ పెట్టి, కుండకు గుడ్డ కట్టాడు. లస్త్రి మంచం మీద నుంచి చెయ్యి చాపి అతని చొక్కా పట్టుకుంది.

"తడి లేని చోటు చూడు. అత్త మాట కాదు, నా మాటా కాదు. ఈ ఒక్కసారి నీ బుర్రతో చూడు."

బయట తల్లీకొడుకులు ఆటో ఎక్కారు. రొకాయా చేతిలో గునపం అలాగే ఉంది. పొద్దుటి నుంచి దించితే కదా! ఆసుపత్రి కాపలావాడు ఆమెను చూసి పక్కకు తప్పుకున్నాడు కూడా. సర్మాన్ ఒళ్లో కుండ పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. కుండ మోసేవాడు తల పక్కకు తిప్పకూడదు. తిప్పితే బిడ్డకు మెల్లకన్ను వస్తుంది.

నాలుగురోడ్ల దగ్గర ఎర్రదీపం పడింది. "ఎటు తిప్పమంటారు?" అన్నాడు వాళ్ల సందువైపు తిరిగే ఆటోవాడు.

"ఎడమకు తిప్పితే ఏముంది?" అన్నాడు సర్మాన్, తల కదపకుండా.

"మీ సందేగా. నీళ్లు."

"కుడికి?"

"తూర్పు రోడ్డు. ఫ్లాట్లు. చూస్తే తెలీదా అన్నా? మెడ పట్టిందా?"

"మా వాడికి ఎటూ తెలీదులే నాయనా," అంది రొకాయా. "తెలిస్తే నెలల తరబడి ఇంట్లో ఎందుకు కొట్టుకుంటాం?"

పచ్చదీపం పడింది. వెనక బళ్ల హారన్లు మోతెక్కిపోయాయి. సర్మాన్ పక్కకు చూడలేడు. ఎదురుగానే చూడగలడు. ఎదురుగా రోడ్డవతల వార్డు ఆఫీసు. దాని ముందు పచ్చిక. ఆ పచ్చిక మీద గిరగిరా తిరుగుతూ చిమ్ముతున్న బోరునీళ్లు.

"తిన్నగా పోనీ," అన్నాడు.

"తిన్నగా ఏముందిరా?" అంది తల్లి.

"మట్టి."

గుమాస్తా మెట్ల మీదికి ఎదురొచ్చాడు. "తాళం కోసమా? త్వరగా రండి, మూసేస్తున్నాం."

సర్మాన్ మెట్లెక్కలేదు. కుండ తల్లి చేతికిచ్చి, ఆమె చేతిలోని గునపం తీసుకుని పచ్చిక మధ్యలో దించాడు. రెండో పోటుకి మట్టి పెళ్లలుగా లేచింది. మోకాటి లోతు తవ్వినా నీళ్లు రాలేదు. రొకాయా వంగి, పైతడి అందని అడుగు మట్టి గుప్పెడు తీసి నలిపి చూసింది. వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా రాలింది.

"పొడిగా ఉందిరా," అంది, వెక్కిపడుతూ. "వీళ్ల నేల పొడిగా ఉందిరా సర్మాన్!"

ఆఫీసరు కేకలేసుకుంటూ దిగాడు. "ఏయ్! మతి పోయిందా? ఇది ప్రభుత్వ స్థలం!"

"అవునయ్యా. ఈ పచ్చికని మా నేలలోంచి తోడిన నీళ్లతోనే పెంచారు," అన్నాడు సర్మాన్. కుండ దించాడు, మట్టి పూడ్చాడు, రొకాయా కొంగుముడిలోంచి తీసిన చిన్న దీపం వెలిగించాడు. "ఇది నా కూతురి తమ్ముడు. దీపం నెల పైన వెలగాలి. రోజూ సాయంత్రం వస్తాం. మా సందు మొత్తం వస్తుంది."

"తాళం ఇస్తున్నాం కదయ్యా! ఇంకేం కావాలి నీకు?"

పొద్దుటి దాకా ఆ ప్రశ్నకు సర్మాన్ దగ్గర నాలుగు జవాబులుండేవి. ఇప్పుడు ఒక్కటే ఉంది.

"తాళం నీ దగ్గరే ఉంచుకో. మేడల కింద నీళ్లు తోడే బోర్లు ఆపించు. ఈ వార్డులోనే, ఇలాంటి పొడినేల మీద, మా సందు సందంతటికీ ఇళ్లు చూపించు. తలుపు తీస్తే కాలు మట్టికి తగలాలి. మా అమ్మ గుమ్మం ముందు అన్నం బల్ల వేసుకోవాలి. అప్పుడే ఈ కుండ తీస్తాం. ఈ దీపం ఆరేలోపల చూపించు."