మంటలో ముజియో చెయ్యి

"ఇదే నీకు ఆఖరి పని, నెవియో," అన్నాడు కల్నల్ ప్రిస్కో. ఆ మాట అనడం ఆయనకూ, వినడం నెవియోకూ ఏళ్లుగా అలవాటే.

తన దేశం నుంచి పారిపోయి వచ్చిన ఒక ముసలి సైంటిస్టును నెవియోనే రోమ్‌లో దాచాడు. ఆ చిరునామా శత్రువుల ముఠాకు పొక్కింది. దాన్ని చుక్కంత ఫొటోగా, అంటే మైక్రోడాట్‌గా మార్చి, పాత చరిత్ర పుస్తకంలోని ఒక బొమ్మలో దాచారు. ఇవాళ పాత పుస్తకాల సంతలో ఆ పుస్తకం హంతకుల చేతికి అందితే, సాయంత్రానికి ముసలాయన శవమే.

నెవియో ఫాదర్ వేషం వేశాడు. నల్ల అంగీలో ఉక్కపోత, మోకాలు పోటు. ఈ వయసులో మారువేషాలేమిటని తన మీద తనకే విసుగొచ్చింది. దుకాణం దగ్గర డొరోతేయా నిలబడి ఉంది. తమ ఏజెంటే, అందం ఆమె ఉద్యోగంలో సగం.

"ఈ ఏడు ఆలివ్‌లు ఎలా కాశాయమ్మా?" కోడ్ వర్డ్ అడిగాడు.

"చేదుగా కాశాయి ఫాదర్." ఆమె గొంతు తగ్గించింది. "మూడు కాపీలున్నాయి. ఎర్ర అట్టది తీసుకో. త్వరగా!"

నెవియో మూడూ తిరగేశాడు. అన్నిట్లోనూ అదే చెక్కుడు బొమ్మ: శత్రురాజు ఎదుట ప్రాచీన రోమ్ వీరుడు ముజియో నిప్పుల్లో చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఎర్ర అట్టలో కుడి చెయ్యి. పచ్చ అట్టలోనూ కుడి చెయ్యే. నీలం అట్టలో మాత్రం ఎడమ చెయ్యి.

ముజియో కాల్చుకున్నది కుడి చెయ్యని రోమ్‌లో బడికెళ్లిన ఎవరైనా చెబుతారు. ముఠావాళ్లు మైక్రోడాట్ కోసం బొమ్మను రాగిరేకు మీద కొత్తగా చెక్కించారు. ఉన్నది ఉన్నట్టు చెక్కితే అచ్చులో కుడి ఎడమై తిరగబడుతుంది. పరాయివాళ్లు కనుక తప్పు కంటికి ఆనలేదు.

మరి డొరోతేయా ఎర్ర అట్ట ఎందుకు చూపించింది? ముసలాయన చిరునామా తెలిసిన రెండో మనిషి ఆమే.

నీలం పుస్తకం అందుకోగానే నడుముకు డొరోతేయా పిస్తోలు ఆనింది.

"ఇలా ఇచ్చెయ్. గొడవెందుకు?"

"ఎందుకు చేశావే ఈ పని?"

"అలిసిపోయాను నెవియో."

"నేను మాత్రం అలిసిపోలేదా? మనిషిని అమ్ముకున్నానా?"

ఎదురుగా ముఠా కారు ఆగింది. ఆమె చూపు అటు తిరిగింది. నెవియో ఆ పేజీ చించి లైటర్ వెలిగించాడు. ఆమె లాక్కోబోయింది. కాగితం బూడిదయ్యేదాకా నెవియో వదల్లేదు, వేళ్లు కమిలిపోయాయి.

"ఓరి దేవుడో! ఫాదరే పుస్తకాలు తగలబెడుతున్నాడు!" అని దుకాణదారు కేక పెట్టాడు. సంతంతా చుట్టుముట్టింది. కారు జారుకుంది. కాల్చే వీలు లేక డొరోతేయా సంతలో కాపు కాసిన కల్నల్ మనుషులకు దొరికిపోయింది.

సాయంత్రం ప్రిస్కో నెవియో చేతి కట్టు కేసి చూశాడు. "రాసే చెయ్యేనా?"

"కాదు, ఎడమ."

"హమ్మయ్య! అయితే ఈ కొత్త పనికి సంతకం పెట్టు. ఇదే ఆఖరిది."

నెవియో కలం అందుకున్నాడు. ముజియో తెలివైనవాడు, కుడి చెయ్యే కాల్చుకున్నాడు.