గోడ మీద నల్ల గీతలు

సున్నం కొట్టిన తెల్లటి గోడ మీద నల్ల గీతలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ సందేహం గంగాధరప్పను ఇరవై ఏడేళ్లుగా వదల్లేదు. కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు పుట్టింది. ఏఎస్సైగా రిటైరైనా పోలేదు. శనివారం ఒక్కపొద్దు ఉండి ఆంజనేయస్వామి ముందు కూర్చున్నా అదే గోడ కనిపించేది.

1998 మే 14. గురువారం. ఉదయం 9.40.

ధర్మవరం పక్కన ఒక మగ్గాల పల్లె. పట్టుచీరల షావుకారు హరినాథ్ ఇంట్లో దొంగతనం జరిగింది. వెండి జరీ కట్టలున్న రేకు పెట్టె పోయింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ ఫోటో దిగాలని వెనక గదుల్లో ముస్తాబవుతున్నారు. వసారా ఖాళీ.

సాక్షి ఒక్కతే. హరినాథ్ కూతురు సునంద. వయసు పన్నెండు.

"తలకు తుండు చుట్టుకున్న మనిషి వసారాలోంచి వచ్చినాడు సార్. ఎడంచేత పెట్టె ఉండె. ఎడమ పక్కకు పోయినాడు. వెంటనే తలెత్తి ఆ పక్క చూసినా. ఎవరూ లేరు."

"యాడ నిలబడి చూసినావు?" అడిగాడు ఎస్సై.

"వాకిట్లో. కెమెరా దగ్గర."

"మొహం చూసినావా?"

"లేదు సార్. మనిషి నా వేలంత ఉండె. గోడ మీద నిలువుగా, అడ్డంగా నల్ల గీతలుండె."

ఎస్సై పెద్దగా నవ్వాడు.

"వేలంత మనిషా? పిల్ల బెదిరింది. కొట్టేయప్పా ఆ రెండు మాటలు."

స్టేట్‌మెంట్ రాస్తున్నది గంగాధరప్పే. కొట్టేశాడు.

సాయంత్రం ఒంటరిగా వెళ్లి ఆ గోడ చూశాడు. సున్నం వేసి నాలుగు రోజులే అయింది. ఒక్క గీత కూడా లేదు.

వాకిట్లోంచి ఇంటివైపు చూస్తే ఎడమ పక్క మగ్గాల షెడ్డు. అందులో ఎనిమిది మంది నేతగాళ్లు. వాళ్లలో ఎడమచేతివాటం ఒక్కడికే ఉంది. అతని పేరు మద్దిలేటి.

మూడు రోజులు స్టేషన్లో పెట్టారు. పెట్టె దొరకలేదు. రుజువు దొరకలేదు. కేసు మూసేశారు. పల్లె మాత్రం మూయలేదు. ఆ తర్వాత మద్దిలేటికి ఎవరూ మగ్గం ఇవ్వలేదు.

*

2025 జూలై చివర. అనంతపురం.

గంగాధరప్ప భార్య నాగలక్ష్మమ్మ ఇనప పెట్టె తెరిచింది. పంచె గుడ్డలో చుట్టిన కెమెరా బయటికి తీసింది. ముందర ఒకదాని మీద ఒకటి రెండు కళ్లు. పైనుంచి వంగి చూసే పాతకాలపు పెట్టె కెమెరా.

అది ఆమె అన్న పుల్లన్నది. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ ఆయనే తీసేవాడు. హరినాథ్ ఇంటికి ఆ రోజు వచ్చిందీ ఆయనే. దొంగతనం జరిగినప్పుడు కుర్చీల కోసం లోపలికి వెళ్లాడు. "నేనేమీ చూడలేదు బావా" అన్నాడు. ఆ మాట నిజమే. డిజిటల్ కెమెరాలు వచ్చాక దీన్ని చుట్టిపెట్టాడు. రెండేళ్ల కిందట పోయాడు.

"మా అన్న చేతి వస్తువు. పూర్తిగా పాడు కాకముందే బాగు చేయించండి," అంది నాగలక్ష్మమ్మ.

పాతూరులో తిప్పేష్ దుకాణం. గడియారాలు, కుట్టుమిషన్లు, కెమెరాలు అన్నీ అక్కడే. తిప్పేష్ టార్చి వేసి కెమెరా కళ్లలోకి చూశాడు.

"ఏమన్నా, దీన్ని సమాధి చేసి తవ్వి తెచ్చినావా?"

"ఏమైంది?"

"లెన్సులో బూజు. షట్టర్ రెక్కలు పాత నూనెకు అంటుకపోయినాయి. ఫోకస్ తిప్పేది రాయి అయిపోయిండాది."

"బాగవుతుందా?"

"అవుతుంది. రోజూ వచ్చి అడిగితే మాత్రం కాదు."

"ఎన్ని రోజులు?"

"తొమ్మిది."

ఆగస్టు 4. సోమవారం. ఉదయం 7.15. గంగాధరప్ప ఇంటి వాకిట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అరవై దాటిన వయసు. ఎండకు కమిలిన మొహం. సోలార్ ప్లాంట్ వాళ్ల పసుపు కోటు.

మద్దిలేటి.

"కూర్చో మద్దిలేటీ."

"కూర్చునేదానికి రాలేదు సార్. ఒకటి అడుగుదామని. మీరు రాసిన కాగితంలో నేను దొంగ అని ఉండాదా?"

"లేదు."

"ఆ మాట ఆదివారం మా ఊరికొచ్చి చెప్తారా?"

సంగతి ఇది. ఆ పల్లెలో ఇరవై ఏడు మగ్గాల ఇళ్లు. ఏటా దసరాకు ఒక ఇల్లు అమ్మవారికి చీర నేస్తుంది. 1998లో వంతు మద్దిలేటిది. దొంగ చేతి చీర అమ్మవారికా అని లాగేసుకున్నారు. ఇప్పుడు మళ్లీ ఆ వంతు తిరిగి వచ్చింది. ఆ ఇంటిని వంతుల్లోంచి పూర్తిగా తీసేద్దామని కులపెద్ద నాగేశ్వర అంటున్నాడు. ఆదివారం పది గంటలకు తీర్మానం.

"రుజువు కాలేదని చెప్పగలను," అన్నాడు గంగాధరప్ప. "నువ్వు చేయలేదని ఎట్ల చెప్పేది?"

మద్దిలేటి తల అడ్డంగా ఊపాడు.

"రుజువు కాలేదనే మాట వాళ్లకు గూడా తెలుసు సార్. దాంతోనే ఇన్నేండ్లు బతికినా."

వెళ్లిపోయాడు.

ఆ పూట గంగాధరప్ప పూజ గదిలో దీపం పెట్టాడు. మంత్రం మధ్యలో ఆగిపోయింది. స్వామీ, రాసే చెయ్యి నాదే కదా? ఎవరో చెప్తే కొట్టేసినా, కొట్టేసింది నేనే కదా?

*

ఆగస్టు 6. బుధవారం. ఉదయం 11.20.

"బతికిందన్నా," అన్నాడు తిప్పేష్. మీట నొక్కాడు. టిక్ మంది. కెమెరా పైమూత తెరిచి బల్ల మీద పెట్టాడు. "లోపలికి చూడు."

గంగాధరప్ప వంగాడు.

అరచేతి అంత గాజుపలక. దాని మీద రోడ్డు. ఎదురుగా టీకొట్టు తెల్లగోడ.

గోడ మీద నిలువుగా, అడ్డంగా నల్ల గీతలు.

చటుక్కున తలెత్తాడు. గోడ మీద గీతల్లేవు. మళ్లీ వంగాడు. ఉన్నాయి.

"ఈ గీతలేంది తిప్పేషూ?"

"ఫోటో వంకర పోకుండా చూసుకునేదానికి. గాజు మీదనే గీసింటారు."

గాజులో ఒక మనిషి నడుస్తున్నాడు. వేలంత మనిషి. ఎడంచేత నీళ్ల క్యాన్. ఎడమ పక్కకు పోతున్నాడు. గంగాధరప్ప తలెత్తి ఎడమ పక్క చూశాడు.

ఎవరూ లేరు.

కుడి పక్క చూశాడు. క్యాన్ మనిషి అటు పోతున్నాడు. క్యాన్ అతని కుడిచేతిలో ఉంది.

"లోపల అద్దం ఉంటుంది గదన్నా," అన్నాడు తిప్పేష్. "కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కొత్తోళ్లంతా తికమక పడతారు. ఏమన్నా, అట్ల చెమటలు పోస్తాండాయి? కూర్చో."

గంగాధరప్ప అప్పటికే కూర్చున్నాడు.

*

ఆగస్టు 7. సాయంత్రం 5.15.

సునంద ఇప్పుడు అనంతపురంలోనే టీచర్. తండ్రి హరినాథ్ పోయి పదేళ్లయింది. గంగాధరప్ప ఆమె ఇంట్లో బల్ల మీద కెమెరా పెట్టాడు.

"ఆ రోజు యాడ నిలబడి చూసినావమ్మా?"

"కెమెరా దగ్గర సార్. అప్పుడే చెప్పినా గదా."

"దగ్గర నిలబడి చూసినావా, లోపలికి చూసినావా?"

ఆమె కెమెరా మీదికి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరూ కొట్టరు. చెప్పు."

"దాన్ని ముట్టుకుంటే నాయనతో చెప్తానని పుల్లన్న మామ బెదిరించినాడు. ఆయన లోపలికి పోతూనే పోయి వంగినా. షామియానా గుంజ చాటున ఉంటి కాబట్టి ఆ మనిషి నన్ను చూడలేదు. అయ్యో, ముట్టుకున్నానని తెలుస్తుందని, దగ్గర నిలబడినా అని చెప్పినా."

"అదొక్కటే దాచినావా?"

"అదొక్కటే సార్. ఏంటికి?"

"ఇప్పుడు చూడు. నీ ఎడంచెయ్యి కెమెరా ముందర ఆడించు."

ఆమె వంగింది. చెయ్యి ఆడించింది. ఆగింది. మళ్లీ ఆడించింది.

తలెత్తి తన ఎడంచెయ్యి చూసుకుంది.

"మద్దిలేటన్న నన్ను భుజాన ఎక్కించుకొని తిప్పినాడు సార్. నేను... అయితే ఆ మనిషి కుడి పక్కకు పోయినాడా? ఆ పక్క ఉండేది..."

"ఆ మాట ఇప్పుడొద్దు. ఆదివారం వస్తావా?"

ఆమె కెమెరా పైమూత మూసింది.

"వస్తా."

*

ఆగస్టు 10. ఆదివారం. 10.05.

అమ్మవారి గుడి మండపం. నలభై మంది దాకా ఉన్నారు. మద్దిలేటి డ్యూటీలో ఉండి రాలేదు. నడుమ కుర్చీలో నాగేశ్వర. హరినాథ్ తమ్ముడు. అన్న పోయాక వ్యాపారమూ పెద్దరికమూ ఆయనవే.

"ఏం సార్, రిటైరైనా కేసులు వదల్లేదా?"

"వదల్లేదు. పాత స్టేట్‌మెంట్లు ఒకసారి సరిచూసుకుందామని. మీరు ఆ పొద్దు 9.40కి యాడుంటిరి?"

"కుడి పక్క ఆఫీసు గదిలో. చీరలకు చీటీలు అతికిస్తాంటి."

"ఇంకెవరైనా?"

"నేనొక్కన్నే."

"తలుపు?"

"తెరిచే ఉండె."

"గదికి ఇంకో దారి?"

"వెనక సందులోకి ఒక తలుపు. తాళం నా దగ్గరే."

"ఆ పక్కకు ఎవరైనా వచ్చినారా?"

"ఈగ గూడా రాలేదు. ఎన్నిసార్లు చెప్పల్లప్పా!"

"చాలు. అందరూ విన్నారు."

గంగాధరప్ప స్టాండు నిలబెట్టి కెమెరాను వీధి గోడ వైపు తిప్పాడు. ఒక నేతగాడికి టిఫిన్ క్యారియర్ ఇచ్చి కుడిచేత్తో పట్టుకొని కుడి పక్కకు నడవమన్నాడు.

"సునందమ్మా, వంగి చూడు. ఏం కనపడతాండాది?"

"ఎడమ పక్కకు పోతాండాడు. ఎడంచేత క్యారియర్. గోడ మీద నల్ల గీతలు. మనిషి వేలంత." "ఆ రోజు నేను ఇట్లే చూసినా. దీంట్లోనే."

గుసగుసలు లేచాయి. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి చూశారు. ముసలి తిరుపాలమ్మ అందర్నీ తోసుకుని వంగింది.

"అయ్యో నా తల్లీ! మా ముసలోడు ఎడంచేత బీడీ తాగుతాండాడే!"

ఎవరో నవ్వారు. వెంటనే ఆగిపోయారు.

గంగాధరప్ప నెమ్మదిగా చెప్పాడు.

"పిల్ల అబద్ధం చెప్పలేదు. కెమెరా పెట్టెలో ఎట్ల కనపడిందో అట్లే చెప్పింది. తలెత్తి ఎడమ పక్క చూసింది. వసారా నుంచి షెడ్డుకు నలభై అడుగులు, అంతా బయలే. అంతలో మనిషి మాయమవుతాడా? ఆ మాట మేం పట్టించుకోలేదు. మనిషి పోయింది కుడి పక్కకు. పెట్టె కుడిచేతిలో. కుడి పక్క ఉండేది ఒకే గది. దాంట్లో ఉండేది ఒకే మనిషి. ఆయనేమో ఈగ గూడా రాలేదంటాండాడు."

అందరి తలలూ ఒకేవైపు తిరిగాయి.

"ఎప్పటి మాట!" అన్నాడు నాగేశ్వర. "పసిపిల్ల చూసిందంట, ఈయన నమ్మినాడంట!"

"పసిపిల్ల మాట మీదనే గదా చిన్నాయనా, మద్దిలేటన్నను మగ్గం మాన్పించింది?" అంది సునంద.

నాగేశ్వర కుర్చీలోంచి లేవబోయాడు.

"ఏమప్పా నాగేశ్వరా," అంది తిరుపాలమ్మ. "అమ్మ ముందర కూర్చోనుండావు. చెప్పు."

ఆయన గర్భగుడి వైపు చూడలేదు. మెట్ల కింద విడిచిన చెప్పుల వైపు చూశాడు.

"మా అన్న ప్రతిదానికీ నన్ను చెయ్యి చాపించేవాడు. ఒక్కసారికి అనుకుంటి. ఎవర్నీ పట్టుకోరనుకుంటి."

"పట్టుకున్నాక?" అన్నాడు గంగాధరప్ప.

"నోరు రాలేదు."

"ఇరవై ఏడేండ్లు?"

నాగేశ్వర లేచి వెళ్తుంటే ఎవరూ దారి ఇవ్వలేదు. ఎవరూ ఆపలేదు కూడా.

"కేసు ఎప్పుడో మూసినారు. నేను రిటైరైనోన్ని. ఆయన్ను నేనేమీ చేయలేను," అన్నాడు గంగాధరప్ప. "ఇంకొకటి చెప్పల్ల. గీతల మాట, వేలంత మనిషి మాట పిల్ల ఆ రోజే చెప్పింది. ఆ రెండూ కొట్టేసింది ఈ చెయ్యే. ఆ గీతలేందని పుల్లన్నను ఒక్క మాట అడిగింటే ఆ పొద్దే తేలిపోయేది. అడగలేదు."

వంతు మద్దిలేటిదే అని 11.30కి రాసుకున్నారు.

*

సాయంత్రం 4.30. సోలార్ ప్లాంట్.

కనుచూపు మేర ఎర్రనేల. దాని మీద నల్లటి పలకలు. మద్దిలేటి పొడుగు కర్ర బ్రష్షుతో వాటిని కడుగుతున్నాడు. ఎడంచేత్తో.

గంగాధరప్ప అంతా చెప్పాడు. మద్దిలేటి బ్రష్షు ఆపి విన్నాడు.

"పాప ఏడ్చిందా సార్?"

"ఏడ్చింది."

"ఏడ్వొద్దని చెప్పండి. చిన్నపిల్ల, ఏం తెలుసు." బ్రష్షు కింద పెట్టాడు. "చేతులకు మగ్గం గుర్తుంటుందో లేదో."

"ఉంటుంది."

"మీకెట్ల తెలుసు?"

గంగాధరప్ప చేతులు జోడించాడు. "నన్ను క్షమించమని అడిగేదానికి వచ్చినా," అన్నాడు.

"అది అమ్మ చూసుకుంటుంది. మీరు నాకు ఇయ్యాల్సింది వేరే ఉండాది సార్."

"ఏంది?"

మద్దిలేటి చొక్కా పైకెత్తాడు. నడుము బోసిగా ఉంది. మొలతాడు లేదు.

"లాకప్‌లో వేసేటప్పుడు తెంపి మీ మేజా సొరుగులో వేస్తిరి. ఉరేసుకుంటారని రూలంట గదా. మూడో దినం చొక్కా ఇస్తిరి, చెప్పులిస్తిరి. అది ఇయ్యలేదు. మా అమ్మ కట్టింది సార్ అది. తీసినోళ్లు ఇచ్చేదాకా ఇంకోటి కట్టుకోనని ఆమె ముందర అంటి. బతికినన్ని దినాలూ నా నడుము చూసి ఏడ్చేది."

గంగాధరప్ప గుర్తు చేసుకోవాలని చూశాడు. సొరుగు గుర్తొచ్చింది. మొలతాడు గుర్తు రాలేదు. ఎందరివో తెంపాడు.

స్కూటర్ ఎక్కాడు. రోడ్డు క్రాస్‌లో పూజ సామాన్ల అంగడి ఉంది. నల్ల మొలతాడు కొన్నాడు. 5.10కి తిరిగి వచ్చాడు.

చేతికి ఇవ్వబోయాడు. మద్దిలేటి తీసుకోలేదు. చొక్కా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

గంగాధరప్ప తడి నేల మీద మోకాళ్లూనాడు. దారం నడుము చుట్టూ తిప్పాడు. మొదటి ముడి జారింది. రెండోసారి వేశాడు.

"గట్టిగా బిగించండి సార్," అన్నాడు మద్దిలేటి.

బిగించాడు.