పదో వేలు

సంగీత కళాశాలలో ఆ అమ్మాయిని అందరూ గడియారం అనేవారు. తను లయ తప్పదు, క్లాసుకి ఆలస్యంగా రాదు, పక్కవాళ్ళ లయ తప్పితే ఊరుకోదు. సంగీత శాస్త్రం పేపర్లో మొదటి మార్కు ఆమెదే. చరిత్ర పేపర్లో అయితే దిద్దినాయనకే రెండు తప్పులు చూపించి వచ్చింది. ఒక్క బోధన పరీక్ష మాత్రం పోయిన ఏడాది తప్పింది. "విషయం తెలుసు. శిష్యుల పట్ల ఓర్పు లేదు" అని రాసిచ్చారు. రెండో మాట చదవగానే అరికాలి మంట నెత్తికెక్కి ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. ఆ పని వాళ్ళు చూసి ఉంటే ఇంకో రెండు మార్కులు తీసేసేవారు.

ఈసారి కూడా పోతే మూడోసారి రాయనివ్వరు. అందుకే శిష్యురాలిగా సొంత చెల్లెల్నే తీసుకొస్తానంది. చెల్లికి పద్నాలుగేళ్ళు. పియానో అంటే చెవి కోసుకుంటుంది. ఇంట్లో పియానో లేదు కాబట్టి భోజనాల బల్ల మీద వేళ్ళాడిస్తూ సాధన చేస్తుంది. పై వారం అదే కళాశాలలో సీటు కోసం వాయించి చూపించాలి. అక్క కోపం ఆ పిల్లకి కొత్త కాదు. ఒకసారి తప్పు వాయించిందని పెన్సిలుతో వేళ్ళ మీద కొట్టింది కూడా. ఆ రాత్రంతా కొట్టిన అక్కే ఏడ్చింది. దెబ్బ తిన్న పిల్ల హాయిగా నిద్రపోయింది.

కొత్త పాఠం ఏదైనా దొరుకుతుందేమోనని టేపుల గదికి వెళ్ళింది. పాత పాఠాల రికార్డింగులన్నీ అక్కడే ఉంటాయి. వాటిని చూసుకునే తాతగారు మండుటెండల్లో కూడా చేతులకి ఊలు తొడుగులు వేసుకునేవాడు. టేపు చుట్టని కుడిచేతి చిటికెన వేలికి తగిలించుకుని తెచ్చిస్తాడు. పిల్లలు వెనక నవ్వుకునేవాళ్ళు. అట్టడుగు అరలోంచి పేరు లేని చుట్ట ఒకటి ఆమే లాగింది.

"ఇదేంటి తాతగారూ?"

ఆయన దాన్ని చూసి తొడుగులు పైకి లాక్కున్నాడు. "పూర్తికాని పాఠం తల్లీ. పాతది."

"వినొచ్చా?"

"విను. కావాలంటే రాసుకో. నేర్పకు."

"ఏం?"

"పూర్తికానిది నేర్పకూడదు."

ముసలాయన చాదస్తం అనుకుంది గడియారం.

విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టడం అక్కడి చదువులో సగం. ఏది వినబడితే అది రాయాలి, సొంత కవిత్వం కూడదు. అందులో ఆమె దిట్ట. టేపులో ఎవరో పిల్లాడు పది వేళ్ళూ పది పియానో మెట్ల మీద పెట్టి, ఎడమచేతి చిటికెన వేలి నుంచి కుడిచేతి చిటికెన వేలి దాకా పది స్వరాలు వరసగా వాయిస్తున్నాడు. వరస అయ్యాక ఒక గొంతు మెత్తగా "మళ్ళీ" అంటుంది. వెంటనే కర్రతో కొట్టినట్టు ఒక దరువు. తర్వాతి వరసలో తొమ్మిది స్వరాలే. మొదటి దాని చోట ఖాళీ. "మళ్ళీ." దరువు. ఎనిమిది. అలా తొమ్మిది దరువులయ్యాక ఒకే ఒక్క స్వరం మోగి టేపు ఆగిపోయింది.

ఆమెకి ఒళ్ళు పులకరించింది. స్వరాలు ఒక్కోటీ తీసేస్తూ, ఖాళీలో కూడా లయ నిలబెట్టడం నేర్పుతున్నాడు మహానుభావుడు! దరువు చోట గుండ్రటి గుర్తు, ఖాళీ చోట విరామం గుర్తు పెట్టి శుభ్రంగా రాసుకుంది. వెనక సన్నగా ఏదో కీచుమంటూ ఉంది. టేపు అరిగిందనుకుని దాన్ని వదిలేసింది. వినబడినదంతా రాయాలన్న నియమం ఆమె తప్పింది ఆ ఒక్కచోటే.

పరీక్ష మధ్యాహ్నం మూడింటికి. మేడమెట్ల కింద సాధన గది. కిటికీ లేదు. చప్పుడు బయటికి పోకుండా గోడలకి దళసరి మెత్తలు కొట్టారు. తలుపు మూస్తే తమ ఊపిరి తమకే వినబడుతుంది. పాత తివాచీ వాసన, చెక్క మీద రంగు వాసన, వాటికింద పలచగా తుప్పు వాసన. పరీక్షాధికారి లోపల కూర్చోడు. పిల్లలు బెదురుతారని పాఠాన్ని టేపు చేయించి తర్వాత వింటాడు. పక్క గదిలో టేపు నడిపేది తాతగారే. తలుపు పైన ఎర్రదీపం వెలుగుతున్నంతసేపు ఎవరూ తలుపు తియ్యకూడదు.

"అక్కా, ఇవాళ తిట్టవుగా?" చెల్లి గుసగుసగా అడిగింది.

"తిట్టను. ఒట్టు."

"మరి నవ్వు."

గడియారం నవ్వింది. ఎర్రదీపం వెలిగింది.

చెల్లి పది వేళ్ళూ మెట్ల మీద పెట్టింది. పది స్వరాలూ ముత్యాల్లా వచ్చాయి. గడియారం గుండె నిండిపోయింది. పాఠం నేర్పేవాళ్ళందరి నోట్లోనూ ఎప్పుడూ ఉండే మాటే ఆమె నోట్లోంచీ వచ్చింది.

"మళ్ళీ."

గాలి చీలింది.

దెబ్బ ఎక్కడినుంచి వచ్చిందో కనబడలేదు. ఎక్కడ పడిందో కనబడింది. చెల్లి ఎడమచేతి చిటికెన వేలు మధ్యలో విరిగి పైకి లేచింది. తెల్లటి మెట్టు మీద ఎర్రగా చిమ్మింది. పిల్ల గావుకేక పెట్టింది.

"చెయ్యి తియ్యవే! చిట్టీ, చెయ్యి తియ్యి!"

"రావట్లేదక్కా..."

చేతులు మెట్లకి అంటుకుపోయాయి. మిగతా తొమ్మిది వేళ్ళూ వాటంతటవే కదిలాయి. తొమ్మిది స్వరాలు, లయ తప్పకుండా. మొదటి దాని చోట... ఖాళీ.

"మళ్ళీ."

ఆ గొంతు గడియారానిదే. ఎంత మెత్తగా ఉందంటే, జన్మలో ఆమె ఎవరితోనూ అంత మెత్తగా మాట్లాడలేదు. రెండు చేతులతో నోరు నొక్కుకుంది. అరచేతుల కిందనుంచి కూడా మాట వచ్చింది. ఉంగరపు వేలు ఎండుపుల్లలా పటుక్కుమంది. చెల్లి వాంతి చేసుకుంది. మిగిలిన వేళ్ళు ఆగలేదు.

ఎదురుగా తను రాసిన కాగితం. గుండ్రటి గుర్తులు తొమ్మిది. అప్పుడర్థమైంది. అది దరువు కాదు. ఖాళీలు విరామాలు కాదు. వెనక కీచుమన్నది టేపు కాదు... ఆ పిల్లాడు.

"మళ్ళీ."

మధ్యవేలు.

గడియారం తలుపు మీద పడి లాగింది. కదల్లేదు. వెనక్కి పరిగెత్తింది. పాఠానికి వేళ్ళు కావాలి, అంతేగా! చెల్లి కూర్చున్న బల్లని కాలితో ఒక్క తన్ను తన్ని, తన చేతులు ఆ చేతుల పక్కనే మెట్ల మీద దబ్బున పెట్టింది.

"నేను వాయిస్తా. దాన్నొదులు."

చెల్లి చేతులు ఊడి వచ్చాయి. రెండు గోళ్ళు మెట్ల మీదే ఉండిపోయాయి. పిల్ల నేల మీద పడింది. గడియారం చేతులు బిగుసుకున్నాయి. ఆమె వేళ్ళు నాలుగో స్వరం నుంచి మొదలుపెట్టాయి. చచ్చినా తప్పని లయ.

"మళ్ళీ" అంది, తన నోటితోనే.

చూపుడు వేలు. నొప్పి భుజం దాకా తన్నింది. "మళ్ళీ." బొటనవేలు, రెండు దెబ్బలతో. రెండోది గుర్తుల్లో లేదు. మొదటి దెబ్బకి విరగనందుకు. "మళ్ళీ." కుడి బొటనవేలు. చెల్లి లేచి, పుస్తకాలు పెట్టే ఇనప స్టాండు ఎత్తి గాల్లోకి ఇష్టం వచ్చినట్టు బాదింది. స్టాండు దేనికో తగిలింది. దేనికో... మెత్తటి దానికి. అయినా దెబ్బలు ఆగలేదు. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

ఒకే ఒక్క స్వరం మోగింది.

తలుపు బద్దలైంది. తాతగారు గొడ్డలితో సహా లోపలికి పడ్డాడు. ఎర్రదీపం ఆరిపోయింది. గడియారం చేతులు జారి ఒళ్ళో పడ్డాయి.

"నేర్పకన్నాను కదమ్మా..." ముసలాయన ఏడుస్తూనే పళ్ళతో రెండు తొడుగులూ లాగేశాడు. తొమ్మిది వేళ్ళు, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నవి. కుడి చిటికెన వేలు ఒక్కటే నిటారుగా ఉంది. "మా అమ్మ కూడా తొమ్మిదో దెబ్బ దగ్గరే తలుపు పగలగొట్టింది."

మూడు వారాలకి కళాశాల నుంచి ఉత్తరం వచ్చింది. చెల్లి చించి చదివి వినిపించింది. పరీక్ష పాసైంది. ప్రథమ శ్రేణి. "శిష్యురాలి పట్ల అసాధారణమైన ఓర్పు. బోధకురాలు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. టేపు అరిగినట్టుంది, వెనక కీచు శబ్దం ఉంది. ఒక్కటే లోపం: పాఠం పూర్తి చేయలేదు."

చెల్లి ఉత్తరాన్ని ఎనిమిది ముక్కలు చేసింది.

ఇప్పుడు ఆ ఇంట్లో చెల్లెలే పంతులమ్మ. కట్లు విప్పాక వేళ్ళకి కసరత్తు చేయించమన్నాడు డాక్టరు. రోజూ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని వంచుతారు, చాపుతారు. వేలు వంగక అక్క కన్నీళ్ళు పెట్టుకుంటే, "ఏడిస్తే మార్కులు తీసేస్తా" అంటుంది చెల్లి. అక్క నవ్వుతుంది. కసరత్తు అయ్యాక చెల్లి "ఇంకోసారి" అంటుంది. పాఠంలోని ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ పలకరు. అమ్మ కూడా.

ఆ రోజు ఎండ బల్ల మీద దాకా వచ్చింది. వంటింట్లో అమ్మ గిన్నెలు కడుగుతోంది. పది వేళ్ళూ అయ్యాయి. ఇద్దరూ చేతులు బల్ల మీద చాపి ఊపిరి తీసుకుంటున్నారు. అక్క కుడి చిటికెన వేలు, దాని పక్కనే చెల్లి కుడి చిటికెన వేలు.

"మళ్ళీ."

మెత్తగా. ఎంతో ఓర్పుగా.

"అక్కా, నువ్వా?"

"నువ్వు కాదూ?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్క చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. రాలేదు. చెల్లి ముఖం చూసింది. ఆ పిల్ల చెయ్యీ రావడం లేదు.

రెండు చిటికెన వేళ్ళు, పక్కపక్కనే. వాటి పైన ఎక్కడో, కర్ర గాల్లోకి లేచిన చప్పుడు.