ఎవరో తలుచుకుంటున్నారు

ఫిల్మ్‌నగర్ గుట్ట మీద, సినిమావాళ్ల మేడలు దాటి కాస్త లోపలికి పోతే ఒక తెల్లటి ఇల్లుంది. ఒకప్పుడు దాన్ని షూటింగులకు అద్దెకిచ్చేవాళ్లు. హీరోయిన్ వయ్యారంగా దిగి రావడానికి కట్టిన వంపు మెట్లు ఇప్పటికీ హాలు మధ్యలో ఉన్నాయి. వాటిని ఎక్కేవాళ్లే లేరు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది నడవలేని బిడ్డలు. బిడ్డలంటే చిన్నవాళ్లు కాదు, తలలో వెంట్రుక నెరుస్తున్నవాళ్లూ ఉన్నారు. అమ్మానాన్నలు చూసుకోలేక అక్కడ ఉంచుతారు. అన్ని వేళలా తోడుండి అన్నీ చూసుకుంటామని ఆ ఇంటివాళ్లు మాటిస్తారు.

సరోజమ్మ కూతురు జెరూష అక్కడే ఉంటోంది. పుట్టుకతోనే కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన పిల్ల. మాట కూడా అరా కొరా వస్తుంది. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ సరోజమ్మే ఎత్తి దించింది. బోరబండలో వాళ్లుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్లు అరిగిపోయాయి. ఒకరోజు బాత్‌రూమ్‌లో తల్లీకూతుళ్లిద్దరూ కలిసి పడ్డారు. అప్పుడు తెచ్చి ఇక్కడ ఉంచింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, పొద్దుగూకేదాకా కూతురి దగ్గర కూర్చుంటుంది.

జెరూషకు మింగడం కష్టం. కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి దించాలి. చిన్న చెంచాతో పెట్టాలి, ఒక ముద్ద గొంతు దిగిందని చూసుకున్నాకే ఇంకో ముద్ద. ఇంతే. ఈ చిన్న మాట చెప్పీ చెప్పీ సరోజమ్మ నోరు ఎండిపోయింది. పనికి ఆయాల్ని పంపే ఏజెన్సీవాళ్లు మనుషుల్ని మారుస్తూనే ఉంటారు. ఒక పిల్లకు ఓపిగ్గా నేర్పితే, వచ్చే ఆదివారానికి ఆ పిల్ల ఉండదు. కొత్త పిల్ల, కొత్త మొహం. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. "సరే అవ్వా" అంటారు అందరూ. ఆ సరే గుమ్మం దాటగానే గాలికి పోతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచీ ముసురు పట్టింది. దీపాలు పెట్టే వేళకే రాత్రి అన్నాలు వచ్చేశాయి. పగటి డ్యూటీవాళ్లు ఇళ్లకు పోయేలోపు అందరికీ పెట్టేయాలట. తినేవాళ్ల ఆకలి సంగతి ఎవరడిగారు గనక!

గదిలో మంచాలు రెండు. ఒకటి జెరూషది. రెండోది శ్యామలది. శ్యామల చనిపోయి నెల దాటింది. ఆ మంచం మీద పరుపు చుట్టి పెట్టారు.

కొత్తగా వచ్చిన లాస్య గిన్నె పట్టుకుని, పడుకున్న జెరూష నోట్లో గబగబా ముద్దలు పెడుతోంది. మూడో ముద్దకే జెరూషకు పొలమారింది. మొహం ఎర్రబడింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

లాస్య నవ్వి, నెత్తి మీద తట్టింది. "అరే, ఎవరో తలుసుకుంటున్నరు జెరూషక్కా నిన్ను!"

"దాన్ని తలుచుకునేదాన్ని నేనొక్కదాన్నే. నేను ఇక్కడే కూర్చున్నాను కదమ్మా, ఇంకెవరు తలుచుకుంటారు?" అంటూ సరోజమ్మ కూతురి భుజాల కింద చెయ్యేసి లేపింది. "గొంతుకు అడ్డం పడింది తల్లీ. కూర్చోబెట్టి పెట్టాలని ఇందాకేగా చెప్పాను."

"ఇంకో గదిల ముగ్గురున్నరు అవ్వా. నేనొక్కదాన్నే. ఒక్కొక్కల్ని లేపుడు, కూసోబెట్టుడు, మళ్ల పండబెట్టుడు... నా నడుము ఇరగదా?"

ఆ పిల్ల మాటా నిజమే. అందుకే సరోజమ్మకు ఎవరి మీద కోప్పడాలో తెలీదు. "నేను కుట్టి తెచ్చిన ఏటవాలు దిండేది? అది వీపుకి పెడితే నీకూ సులువేగా?"

"మేడం కుర్చీల ఉన్నది. ఆమెకు ఎన్నునొప్పంట."

సరోజమ్మ గోడ పట్టుకుని ఆఫీసు గదిలోకి నడిచింది. గీతిక ఆ దిండుకే ఆనుకుని, టీ తాగుతూ ఫోన్ చూసుకుంటోంది. ఇల్లు నడిపేది ఆ అమ్మాయే.

"గీతికమ్మా, దానికి మళ్లీ పొలమారింది. శ్యామల కూడా ఇట్లాగే దగ్గింది గదమ్మా."

"ఆంటీ, ప్లీజ్. శ్యామల గారిది హార్ట్ ప్రాబ్లమ్. డాక్టరే చెప్పారు, గుండె ఆగిందని."

"పోయినవాళ్లందరికీ ఆగేది గుండేగా తల్లీ. ఎందుకు ఆగిందని నేనడుగుతున్నాను."

"మొన్న ఇన్‌స్పెక్షన్‌లో సేఫ్టీకి మనకే ఫస్ట్ గ్రేడ్ వచ్చింది. కెమెరాలున్నాయి, ఫైర్ అలారం ఉంది. ఇంకేం కావాలి చెప్పండి?"

"అన్నం గొంతుకడ్డం పడితే మోగే అలారం ఉందా?"

గీతిక జవాబు చెప్పేలోపు కరెంటు పోయింది.

జనరేటర్ స్టార్ట్ కాలేదు. సరోజమ్మ గీతిక వీపు వెనక నుంచి ఆ దిండు లాక్కుని, తడుముకుంటూ కూతురి దగ్గరికి బయల్దేరింది. గీతిక ఒక చేత్తో టీ కప్పు, ఇంకో చేత్తో ఫోన్ లైటు పట్టుకుని వెనకే వచ్చింది. బయట వాన సన్నగా కురుస్తోంది. గదిలో తడిసిన సున్నం వాసన, ఫినాయిల్ వాసన. వాటి కింద ఇంకేదో... పులిసిన మెతుకుల వాసన.

ఎక్కడో చెంచా గిన్నెకు తగిలింది. టింగ్.

"మెల్లగా పెట్టమ్మా," అంది సరోజమ్మ.

"నేను పెడ్తలేను అవ్వా. గిన్నె కింద పెట్టిన." లాస్య గొంతు మంచం అవతలి నుంచి వచ్చింది.

మళ్లీ టింగ్. గబగబా. తినిపించేవాళ్లు తొందరలో ఉన్నట్టు.

ఆ తర్వాత దగ్గు.

జెరూషది కాదు. పరుపు చుట్టి ఉన్న మంచం వైపు నుంచి వచ్చింది. తడిగా, లోతుగా... ఊపిరి అందక, గొంతులోంచి పైకి రాలేక కొట్టుకునే దగ్గు.

గీతిక లైటు అటు తిప్పింది. చుట్టిన పరుపు అలాగే ఉంది. దాని మీద ఎవరూ లేరు.

"పిల్లి అయ్యుంటుంది," అని గొణిగి, ధైర్యానికన్నట్టు టీ గుక్క మింగింది గీతిక.

అంతే. పొలమారింది.

ముందు చిన్నగా. ఆ తర్వాత ఆగలేదు. కప్పు కిందపడి పగిలింది. ఫోన్ జారి, లైటు పైకప్పు మీద పడింది. సరోజమ్మ ఆమెను ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరిచింది. ఆగలేదు. అక్కడ మంచం మీద దగ్గు... ఇక్కడ గీతిక దగ్గు... రెండూ ఒకే ఊపున, ఒకే లెక్కన...

లాస్య ఏడుపు గొంతుతో గీతిక నెత్తిమీద తడుతోంది. పొలమారినవాళ్లకు ఒక్కో పేరూ చెప్పి చూస్తారు. తలుచుకునేవాళ్ల పేరు తగిలితే ఆగిపోతుందని అంటారు.

"మేడం, మీ అమ్మనా? మీ సారునా? మీ బాబునా?"

ఆగలేదు. గీతిక గోళ్లు సరోజమ్మ చేతిలో దిగబడ్డాయి.

చీకట్లోంచి జెరూష గొంతు వచ్చింది. ఎంతో కష్టపడి, ఒక్కో ముక్కా పోగేసుకుని.

"శ్యా... మ... ల."

ఆగింది.

రెండు దగ్గులూ ఆగాయి.

వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. సరోజమ్మ పెదాలు "ప్రభువా, ప్రభువా" అంటున్నాయి.

గీతిక నేల మీద కూలబడింది. "ఆ రోజు ఆయా రాలేదు ఆంటీ..." గుసగుసగా అంది. "నేనే పెట్టాను. పడుకోబెట్టే పెట్టాను. మీటింగుంది, తొందర... దగ్గుతుంటే నెత్తి మీద తట్టాను. ఎవరో తలుచుకుంటున్నారు శ్యామలా అన్నాను. నవ్వాను ఆంటీ... నవ్వుతూనే ఇంకో ముద్ద పెట్టాను."

సరోజమ్మకు జాలి కలగలేదు. తను బతికుండి ఇన్ని ఆదివారాలు మొత్తుకుంటే చెవిన పడని మాట, పోయినామె దగ్గితే గానీ పడలేదు కదా అని కడుపు రగిలింది. ఈ రాత్రికి వీళ్లు భయపడతారు. రేపు మళ్లీ కొత్త పిల్ల వస్తుంది. కూతుర్ని తీసుకుపోదామంటే ఎత్తే బలం లేదు. వదిలిపెట్టి పోదామంటే...

"లేచి పట్టు," అంది కటువుగా. "ఇద్దరూ పట్టండి. కూర్చోబెట్టి పెట్టడం ఎట్లాగో చూపిస్తాను. కళ్లారా చూడండి."

ముగ్గురూ కలిసి జెరూషను లేపి, వీపు వెనక దిండు పెట్టారు. లాస్య లైటు పట్టుకుంది. సరోజమ్మ మంచం అంచున కూర్చుని, చిన్న చెంచాతో మెత్తటి ముద్ద తీసి, గడ్డం కింద వేలు ఆనించింది.

"నోరు తెరు నాన్నా. మెల్లగా."

జెరూష నోరు తెరిచింది.

తల్లి వైపు కాదు. తల శ్యామల మంచం వైపు తిప్పి... ఎవరూ లేని వైపు.

సరోజమ్మ చేతిలో చెంచా అలాగే ఉంది. ముద్ద అలాగే ఉంది.

జెరూష పెదాలు మూసుకున్నాయి. మెల్లగా నమిలింది. గొంతు కదిలింది, ముద్ద దిగింది. పొలమారలేదు.

మళ్లీ నోరు తెరిచింది. అటువైపే.