ప్రొఫెసర్ గారి ప్రాసెసర్

ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు ఒక కంప్యూటర్ మెకానిక్‌ని కాల్చి చంపారు. మదర్‌బోర్డు సాకెట్‌లో రెండు పిన్నులు వంగాయన్నది అతని మీద మోపిన నేరం. వెంట్రుక కన్నా సన్నటి పిన్నులవి. ఆ శిక్ష వేసినవాడు రుమాలుతో చేతులు తుడుచుకుని, ఇంకో మదర్‌బోర్డూ ఇంకో మెకానిక్కూ కావాలని పురమాయించాడు. రెండూ ఒకే వాక్యంలో అడిగాడట.

తొమ్మిదిన్నరకల్లా ఆ కబురు డిపార్ట్‌మెంటుకి చేరింది.

చీఫ్ గదిలో ఏసీ ఎప్పుడూ పదహారు మీదే ఉంటుంది. ఎదుటివాడు వణికితే అది తన మీద గౌరవమని అనుకునే రకం ఆయన. ఆయన ముందు నిలబడ్డ ఏజెంటు ఆరడుగుల రెండంగుళాల మనిషి. బరువు మాత్రం చెప్పుకోదగ్గది కాదు. అందుకే ఆఫీసులో అందరూ అతన్ని గుండుసూది అంటారు. పేరు బాగుందని అతను ఏనాడూ అనలేదు, వద్దని చెప్పినా వినేవాళ్ళు లేరు.

"కంప్యూటర్ పని వచ్చా?" అన్నాడు చీఫ్.

"పగలగొట్టడం వచ్చు సార్."

"ఈసారి బిగించాలి."

చీఫ్ చెప్పిన మిషన్ ఇదీ. విదేశీ ముఠా ఒకటి ఐదేళ్ళుగా ఈ నగరంలో తిష్ట వేసింది. ఇక్కడ దాని వ్యవహారాలు చూసేవాణ్ణి ప్రొఫెసర్ అంటారు. ఇవాళ సరిగ్గా పన్నెండు గంటలకి అతని కంప్యూటర్ రైల్వే సిగ్నల్ సిస్టమ్ పాస్‌వర్డ్ బద్దలు కొట్టి, సింగిల్ లైన్ మీద ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళకీ ఒకేసారి పచ్చదీపం చూపిస్తుంది. ఒకటి పెట్రోలు ట్యాంకర్ల గూడ్సు. రెండోది ఎనిమిది వందల మంది ఎక్కిన ప్యాసింజరు. అయితే ఆ పనికి ముందు ఆ కంప్యూటర్ ప్రభుత్వ ఆఫీసుల్లో దాక్కున్న ముఠా మనుషులందరికీ హెచ్చరిక పంపుతుంది. అప్పుడు వాళ్ళ పేర్లు తెర మీద కనిపిస్తాయి. చీఫ్‌కి కావలసింది ఆ లిస్టు.

"లిస్టు తెర మీదకి రావాలి. ఆ తర్వాత మెషీన్ చావాలి. ఈ రెంటి మధ్యా పది నిమిషాలుంటాయి" అన్నాడు.

రైలు ఆపెయ్యొచ్చు కదా అని గుండుసూది అడిగాడు. రైల్వేలో ముఠా మనిషి ఎవరో తెలియనప్పుడు, ఎవరికి చెప్పినా వాడి చెవిలో చెప్పినట్టేనని చీఫ్ కొట్టిపారేశాడు. ఇప్పుడే రెయిడ్ చేస్తే లిస్టు దొరకదన్నాడు. లిస్టు, లిస్టు అని ఆయన అంటుంటే గుండుసూదికి ఒళ్ళు మండింది.

"ఆ ప్యాసింజరు నడిపేది ఎవరో తెలుసా సార్?"

"తెలుసు. మీ బావ. అందుకే నిన్ను పంపుతున్నాను. ఇంకొకడైతే ప్రాణం మీదకి రాగానే పారిపోతాడు."

బావకీ గుండుసూదికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. గొడవ ఎందుకొచ్చిందో ఇద్దరికీ సరిగా గుర్తు లేదు. ముందు ఎవరు ఫోన్ చెయ్యాలన్న పంతం మాత్రం చెక్కు చెదరకుండా ఉంది. మధ్యలో నలిగిపోయిన అక్క ఇద్దరినీ సమానంగా తిట్టేది, ఏడాదిగా ఆ తిట్టడం కూడా మానేసింది.

ట్రైనింగుకి నలభై నిమిషాలు ఇచ్చారు. ల్యాబ్ నడిపే పెద్దావిడని అందరూ టీచరమ్మ అంటారు. ఆవిడ చేతిలో స్టీలు స్కేలుంటుంది, అది కొలవడానికి కాదు. ప్రాసెసర్‌ని అంచులు పట్టుకోవాలి. దాని మూలన ఉన్న బంగారు త్రికోణమూ, సాకెట్ మూలన ఉన్న త్రికోణమూ కలవాలి. దించాలి తప్ప నొక్కకూడదు. దాన్ని పట్టి ఉంచే లివర్ వెయ్యాలి. పైన కందిగింజంత పేస్టు పెట్టాలి. దాని మీద వేడి లాగేసే లోహపు హీట్ సింక్ కూర్చోబెట్టి నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. చివర్న ఫ్యాన్ వైరు. తప్పు చేసిన ప్రతిసారీ గుండుసూది వేళ్ళ మీద స్కేలు పడింది. "ఇవి చేతులా, పలుగులా?" అని ఆవిడ ఆరుసార్లు అడిగింది.

పోయేముందు మూడు వస్తువులిచ్చింది. మొదటిది థర్మల్ పేస్టు ట్యూబు. మామూలు పేస్టు ప్రాసెసర్ వేడిని హీట్ సింక్‌కి చేరవేస్తుంది. ఇది పావుగంట తర్వాత గట్టిపడి వేడిని ఆపేస్తుంది, ప్రాసెసర్ ఉడికి దానంతటదే ఆగిపోతుంది. రెండోది ఒంటి కరెంటు చిప్పులకి తగలకుండా మణికట్టుకి కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ. దాని క్లిప్పు మూడుసార్లు లాగితే వీధిలో కాచుకున్న రెయిడ్ పార్టీ పైకొస్తుంది. మూడోది కెమెరా దాచిన కళ్ళద్దాలు.

పదకొండుకి గుండుసూది కొత్త మెకానిక్‌గా నీలం చొక్కా, దొంగ మీసం, టూల్ బ్యాగుతో ఒక కుట్టుమిషన్ల రిపేరు షాపు పక్క మెట్లెక్కాడు. తలుపు సందులోంచి ఒక ఆడగొంతు అడిగింది.

"ఫ్యాన్ చప్పుడు చేస్తోందా?"

"గాలి కూడా వస్తోంది."

కోడ్ కుదిరింది. తలుపు తీసిన మనిషిని చూస్తే ఎవరైనా ఒక మెట్టు తడబడతారు. నల్ల గౌను, ఎర్ర బూట్లు, మందంగా దిద్దిన కళ్ళు. ముఠాలో అందరూ ఆమెని కాటుక అంటారు. నాలుగేళ్ళు వాళ్ళ మనిషి, ఆరు నెలలుగా డిపార్ట్‌మెంటు మనిషి. పొద్దున కబురు పంపింది ఆమే. "మెట్ల దాకా నమ్ము, గదిలో నమ్మకు" అని చీఫ్ చెప్పి పంపాడు.

తలుపు లోపలి మెట్ల మీదే ఆమె తల తిప్పకుండా చెప్పింది. "పిన్నులు వంచింది మెకానిక్ కాదు. ప్రొఫెసరే. మీరే వంచారండీ అని అతను పైకి అన్నాడు. అంతే."

గుండుసూది టూల్ బ్యాగు భుజం మార్చుకున్నాడు. మీసం కింద చెమట పట్టింది.

గదికి కిటికీల్లేవు. గోడ నిండా వైర్లు, బల్ల మీద నోరు తెరిచిన కంప్యూటర్ పెట్టె, తలుపు దగ్గర బండ అని పిలిచే కాపలావాడు. నేల మీద ఒకచోట మాత్రం అప్పుడే తుడిచిన తడి ఉంది. ప్రొఫెసర్ సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసినట్టున్నాడు. చేతిలో పిస్తోలు ఉంది. దాన్ని అతను చాక్‌పీసులా ఊపుతూ మాట్లాడతాడు.

మొదట బ్యాగు బల్ల మీద బోర్లించాడు. పట్టీ ఎత్తి చూసి, తన దగ్గర పని చేసేవాడికి ఇలాంటి గాజులు అక్కర్లేదంటూ మూలకి విసిరాడు. పేస్టు ట్యూబు మూత తీసి వాసన చూసి, అంగడి సరుకని చెత్తబుట్టలో పడేశాడు. తన సొరుగులోంచి ఖరీదైన ట్యూబు తీసి బల్ల మీద కొట్టాడు. రెండు నిమిషాల్లో డిపార్ట్‌మెంటు తెలివితేటలన్నీ చెత్తలో కలిశాయి. ముక్కు మీద కళ్ళద్దాలు మాత్రం మిగిలాయి.

గుండుసూది పనిలోకి దిగాడు. త్రికోణం చూసుకున్నాడు. ఊపిరి బిగబట్టి ప్రాసెసర్‌ని దించాడు. అది మెత్తగా కూర్చుంది. లివర్ నొక్కగానే కిర్రుమంది. వెంటనే మెడ మీద చల్లగా ఇనుము తగిలింది.

"ఏమిటా చప్పుడు?"

"లివర్ అలాగే అరుస్తుంది సార్. కొత్తది కదా."

ఇనుము కాసేపు అక్కడే ఉండి దూరంగా జరిగింది. తర్వాత పేస్టు పెట్టాడు. కందిగింజంతే పెట్టాడు, టీచరమ్మ చూస్తే మెచ్చుకునేది. ప్రొఫెసర్‌కి నచ్చలేదు. పక్కకి తప్పుకోమని మోచేత్తో నెట్టి, పేస్టు తుడిచేసి, తనే మళ్ళీ పెట్టాడు. పనివాళ్ళ చేతుల్లో పనితనం ఉండదని, ఈ దేశంలో ఒక్కడికీ బుర్ర లేదని, పొద్దున పోయినవాడూ ఇలాంటి వెధవేనని తిడుతూ అట్టపెట్టెలోంచి కొత్త హీట్ సింక్ తీశాడు. తిట్టేటప్పుడు అతను చేతుల్ని చూసుకోడు. ఎదుటివాడి మొహం వాడిపోవడం చూడ్డం అతనికి ఇష్టం.

కొత్త హీట్ సింక్ అడుగున గీతలు పడకుండా పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి అంటించి ఉంటుంది. నీళ్ళలా పారదర్శకంగా ఉంటుంది. దాన్ని ఒలిచాకే బిగించాలి. ఒలవకపోతే పేస్టుకీ లోహానికీ మధ్య ప్లాస్టిక్ గోడ కట్టినట్టే, వేడి పైకి వెళ్ళదు.

ప్రొఫెసర్ దాన్ని ఒలవలేదు.

గుండుసూది చూశాడు. ప్రొఫెసర్ దించుతుంటే పొర అంచు దీపం వెలుగుకి ఒక్క క్షణం మెరిసింది. తల తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పాడు. కాటుక కూడా చూసింది. తలుపు దగ్గర బండ కూడా చూశాడు, చూసిన వెంటనే పైకప్పు వైపు దీక్షగా చూడసాగాడు.

కాటుక పెదవులు కదిలాయి. "ప్రొఫెసర్ గారూ..."

ఆమె ఎవరి మనిషో ఇప్పుడు తేలిపోతుంది. ఆ తర్వాతి మాట మీద ఎనిమిది వందల మంది, అందులో ముందు ఇంజన్లో కూర్చున్న మొండి మనిషి, ఆధారపడి ఉన్నారు.

"కాఫీ ఏమైనా తీసుకుంటారా?" అంది కాటుక.

ఇది కాఫీల వేళా అని ప్రొఫెసర్ ఆమె మీద అరిచాడు. అరుస్తూనే నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల్లో, పద్ధతిగా, అందంగా బిగించాడు. ఫ్యాన్ వైరు పెట్టాడు.

పదకొండూ నలభైకి మెషీన్ వెలిగింది. తెర మీద ఒక మూల ప్రాసెసర్ వేడి అరవై డిగ్రీలు చూపిస్తోంది. ఇంత ఎందుకుందని ప్రొఫెసర్ కళ్ళు చిట్లించాడు. కొత్త పేస్టు సర్దుకోవడానికి కాస్త టైమ్ పడుతుందని గుండుసూది చేతులు కట్టుకుని చెప్పాడు. తన పేస్టు గురించి అంత మర్యాదగా మాట్లాడినందుకో ఏమో, ప్రొఫెసర్ ఊరుకున్నాడు.

పదకొండూ యాభైకి లిస్టు వచ్చింది. పదిహేడు పేర్లు. కళ్ళద్దాలు సర్దుకునే వంకతో గుండుసూది రెండుసార్లు వాటికేసి నిలకడగా చూశాడు. చీఫ్‌కి కావలసింది దొరికింది. ఇక మిగిలింది తనకి కావలసింది.

యాభై ఐదుకి పాస్‌వర్డ్ బద్దలు కొట్టే పని మొదలైంది. ప్రాసెసర్ మీద పూర్తి బరువు పడింది. వేడి డెబ్బై ఎనిమిది. ఎనభై తొమ్మిది. తొంభై ఏడు. ఇక ఆగిపోతుందనుకుంటే ఆగలేదు. తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుని నెమ్మదిగా నడవసాగింది. మంచి సరుకు, ఆ పాడు ప్రాసెసర్. తెర మీద పని ఎంతయిందో చూపే గీత తొంభై శాతం దాటింది, తొంభై నాలుగు దాటింది. గుండుసూదికి బావ మొహం కళ్ళ ముందు ఆడింది. ఆరేళ్ళలో ఒక్క ఫోన్ చేస్తే తన సొమ్మేం పోయేదని తనని తానే తిట్టుకున్నాడు. ప్రొఫెసర్ మీదకి దూకాలని కాలి మడమ ఎత్తాడు.

పదకొండూ యాభై తొమ్మిది. నలభై సెకన్లు. తొంభై తొమ్మిది శాతం. వేడి నూట ఒకటి.

తెర నల్లబడింది.

ప్రొఫెసర్ బటన్ నొక్కాడు. వెలిగింది, ఆరింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. గోడ గడియారంలో పన్నెండు దాటింది. అతను నోరు మూసుకుని స్క్రూలు విప్పడం ఆ గదిలో అదే మొదటిసారి. హీట్ సింక్ పైకి లాగి అడుగు చూశాడు. ముడతలు పడ్డ ప్లాస్టిక్ పొర, దాని మీద అతని ఖరీదైన పేస్టు, అతని వేలిముద్ర.

చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత ఒక్కొక్కరి మొహం చూశాడు.

"మీరు చూశారు" అన్నాడు. "ముగ్గురూ చూశారు. ఒక్కళ్ళు చెప్పలేదు."

సమాధానం తలుపు దగ్గర్నుంచి వచ్చింది. మూడేళ్ళ కొలువులో బండ నోరు విప్పి మాట్లాడింది అప్పుడే.

"చెప్పినాయన రక్తం పొద్దున నేనే తుడిచానండి."

ప్రొఫెసర్ చెయ్యి బల్ల మీది పిస్తోలు వైపు వెళ్ళింది. కానీ అతని చెవి వెనక అప్పటికే కాటుక పిస్తోలు ఉంది. బండ తలుపు గడియ తీసి, తనకేం సంబంధం లేనట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు. గుండుసూది మూలకి వెళ్ళి పట్టీ తీసి క్లిప్పు మూడుసార్లు లాగాడు. కాసేపటికి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

రెండింటికి చీఫ్ రిపోర్టు డిక్టేట్ చేయించాడు. డిపార్ట్‌మెంటు కనిపెట్టిన ప్రత్యేక పేస్టు అమోఘంగా పనిచేసిందని రాయించి, అంతేగా అన్నట్టు చూశాడు. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. గుండుసూది నోరు తెరిచాడు. ఏసీ పదహారు మీద ఉంది. అవును సార్ అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, ఆరేళ్ళుగా నొక్కని నంబరు నొక్కాడు. నాలుగోసారి రింగయ్యాక అవతల ఎత్తారు. వెనక స్టేషన్ హడావుడి వినిపిస్తోంది.

"బావా, నేను."

బావ గొంతు జాగ్రత్తగా అడిగింది. "ఎవరు పోయారు?"

గుండుసూదికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు తెలిసినవాళ్ళెవరూ పోలేదు బావా."

"మరి ఫోనెందుకు చేసినట్టు?"