తుపాకి తప్పు కాదు

పొద్దున ఆరు గంటలకు హుస్సేన్‌బీ టీ గ్లాసు తెచ్చి భర్త ఎడమ చేతి పక్కన పెట్టింది. ఎన్నో ఏళ్లు కుడి పక్కనే పెట్టేది. ఎండాకాలం నుంచి ఎడమ పక్కన పెడుతోంది. ఎందుకని నబీ రసూల్ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

అక్టోబరు వచ్చిందంటే సౌదీలోని తాయిఫ్‌లో పొద్దున పూట చలి పెడుతుంది. ఉగ్గాని తిని, టీ తాగి, నబీ రసూల్ చెప్పులు వేసుకున్నాడు. కూతురు రేష్మా అద్దం ముందు హిజాబ్ సర్దుకుంటోంది. ఆమెకు ఇరవై మూడేళ్లు. తండ్రి పనిచేసే చోటే రెండేళ్లుగా కౌంటర్లో కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు, లైసెన్సు నంబర్లు రాసుకునే పని చేస్తోంది. ఇద్దరూ ఒకే బండిలో పోతారు. దారిలో మాటలు తక్కువ.

నబీ రసూల్‌ది జమ్మలమడుగు దగ్గర చిన్న పల్లె. మూడో తరగతితో బడి మాని వడ్రంగి పని నేర్చుకున్నాడు. ఇరవై ఆరేళ్ల కిందట సౌదీ వచ్చాడు. ఆయనకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అంటే కఫీల్, అబూ నాసర్‌కు ఊరి బయట కొండ కింద లైసెన్సు ఉన్న షూటింగ్ క్లబ్బు ఉంది. దానికి ఆనుకునే వేట తుపాకుల దుకాణం. మొదట్లో విరిగిన చెక్క పిడులు బాగుచేయడానికి పెట్టుకున్నారు. చెయ్యి కుదురు, కన్ను చురుకు అని తెలిశాక తుపాకులు పరీక్షించే పని కూడా ఆయనకే వచ్చింది.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. అమ్మే ప్రతి తుపాకితోనూ నబీ రసూల్ ముందు వంద మీటర్ల దూరంలోని కాగితానికి మూడు గుండ్లు కాలుస్తాడు. మూడు చిల్లులూ బొటనవేలి కింద దాగితే అది మంచి తుపాకి. ఆ కాగితం కింద ఆయన పేరు రాసి, తుపాకితో పాటు కొన్నవాళ్ల చేతికి ఇస్తారు. తుపాకి కంటే ముందు ఆ కాగితమే చూసేవాళ్లు చాలామంది.

బోల్టు లాగి ఒక్కో గుండూ ఎక్కించుకునే చవక తుపాకులంటే ఆయనకు మొదటి నుంచీ ఇష్టం. ఖరీదైన వాటి ధరలో మూడో వంతుకే వస్తాయి. పిడి ప్లాస్టిక్‌ది. పైన నునుపు ఉండదు. గొట్టం మాత్రం గట్టిది, నేరుగా కొడుతుంది. డబ్బున్న షేకులు చవక సరుకని మూతి తిప్పుకుంటే, పాలిషులోంచి గుండు రాదు, గొట్టంలోంచి వస్తుంది అనేవాడు. ఆయన మాట నమ్మి గొర్రెల కాపర్లు, తోటల వాళ్లు ఎందరో ఆ తుపాకులే కొన్నారు. ఒక్కరూ తిరిగి వచ్చి గొణిగింది లేదు.

ఈ మధ్య ఆ మాట మారింది. నెలన్నర కిందట కొత్త సరుకు ముప్పై రెండు వచ్చాయి. నాలుగైదు కాల్చి చూశాడు. చిల్లులు చెదిరాయి. ఇవి పనికిరావు అని అబూ నాసర్‌తో చెప్పేశాడు. కొండ దిగువ నుంచి ఆయిద్ అనే ముసలి గొర్రెల కాపరి వస్తే, ఈసారి చవకవి బాగాలేవు, ఖరీదైనది చూసుకో అన్నాడు. ఆయిద్ ధర అడిగి, తల పంకించి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.

చెదిరింది గొట్టమో తన కన్నో నబీ రసూల్‌కు తెలియదు. కుడి కంట్లో పాల మీగడ లాంటి తెర పట్టి ఆరు నెలలైంది. తుపాకి మీది దుర్బీనులో చూస్తే నల్ల చుక్క చుట్టూ ఇంకో చుక్క కనిపిస్తుంది. ఎడమ కంటితో కూడా ప్రయత్నించాడు. ఎడమ భుజానికి అలవాటు లేక తుపాకి కుదరలేదు. ఎవరికీ చెప్పలేదు. తుపాకి మీద నెట్టేశాడు.

ఆ రోజు మధ్యాహ్నం క్లబ్బు మూశాక ఇంట్లో ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. రేష్మా ముద్ద కలుపుతోంది గానీ తినడం లేదు.

"నాయనా, ఆ ముప్పై రెండు తుపాకులు వాపసు పంపేదానికి కాగితం రాయమన్నాడు అబూ నాసర్. గొట్టాలు బాగాలేవని రాయాలంట."

"రాయి."

"ఎట్ల రాసేది? గొట్టాలు బాగుండాయి కదా."

"బాగుండాయని ఎవురు చెప్పినారు నీకు?"

"నేనే కాల్చి చూసినా. వాటిల్లో ఒకటి."

హుస్సేన్‌బీ చేతిలో గరిటె ఆగింది. నబీ రసూల్ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. ఎన్నాళ్లుగా కాలుస్తున్నావని అడిగాడు. క్లబ్బులో ఆడవాళ్లకు కేటాయించిన రోజున కోచ్ దగ్గర తొమ్మిది నెలలుగా నేర్చుకుంటున్నానని, అబూ నాసర్ అనుమతి ఉందని ఆమె చెప్పింది. మీ అమ్మకు తెలుసా అంటే ఆమె తల్లి వైపు చూసింది.

"అంటే ఈ ఇంట్లో నేనొక్కణ్ణే పిచ్చోణ్ణి."

తర్వాత ఆయన గొంతు పెరిగింది. పేర్లు రాసుకోమని పంపితే తుపాకి పడతావా అన్నాడు. ఊర్లో తెలిస్తే సంబంధాలు వస్తాయా అన్నాడు. ఆడపిల్ల భుజానికి ఆ దెబ్బ ఏమిటికన్నాడు. రేష్మా తలవంచుకుని అన్నీ విన్నది. ఆయన ఆగాక తలెత్తింది.

"పాలిషులోంచి గుండు రాదని నువ్వే చెప్తాంటివి. ఇప్పుడేమో చవక సరుకు చవకేనంటాండావు. అదే కంపెనీ. అవే గొట్టాలు. సరుకు మారలేదు నాయనా. మారింది ఇంకోటి."

"ఏంది మారింది?"

హుస్సేన్‌బీ గరిటె పక్కన పెట్టింది.

"నీ కన్ను," అంది. "టీ గ్లాసు ఎడమ పక్క ఏమిటికి పెడతాండా అనుకున్నావు? కుడి పక్క పెడితే రెండు మాట్లు చెయ్యి తగిలించి పడేస్తివి. గ్లాసే జారిందంటివి."

"నాకు చెప్పొచ్చు గదా."

"చెప్తే ఒప్పుకునే మనిషివా నువ్వు? పెండ్లినాడు జరమొచ్చి వణుకుతా కూడా, ఫ్యానుగాలి ఎక్కువైందంటివి. మీ ఇంట్లో అప్పటికి కరెంటే లేదు."

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్లు. నబీ రసూల్ పళ్లెం ముందుకు నెట్టాడు.

"కన్ను పోయిందని తెలిస్తే ఏమయితాదో తెల్సునా మీకు? ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తాడు. ఈ దేశంలో ఉండేదానికిచ్చిన నా ఇకామా పోతే మీ ఇద్దరిదీ పోతాది. నీ ఉద్యోగం, మీ అమ్మ మందులు, ఈ ఇల్లు, అన్నీ. ఆ ఊర్లో మనకేముంది? ఈ వయసులో వడ్రంగి పనికి ఎవురు పిలుస్తారు నన్ను?"

ఆయన నెట్టిన పళ్లెం రేష్మా మళ్లీ దగ్గరికి జరిపింది.

"నాకూ భయంగానే ఉంది నాయనా. కానీ కాగితం కింద ఉండేది నీ పేరు. ఆ ముసలి కాపరి నీ మాట నమ్మే వెనక్కి పోయినాడు."

ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మళ్లీ పనికి పోకుండా సాయంత్రం దాకా వరండాలో కూర్చున్నాడు. మగ్రిబ్ నమాజు అయ్యాక లోపలికి వచ్చి, రేపు పొద్దున్నే తయారుగా ఉండమని, క్లబ్బు తెరవక ముందే పోదామని కూతురికి చెప్పాడు.

మర్నాడు కాపలా ఉండే యెమన్ అతను తలుపు తీశాడు. అబూ నాసర్‌కు ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాక తుపాకి బయటికి తెచ్చారు. నబీ రసూల్ తాను పనికిరాదని చెప్పిన వాటిలో ఒకదాన్ని ఏరి బల్ల మీది ఇసుక మూట మీద పెట్టాడు. దీంతో కాల్చు, తేలిపోతుంది అన్నాడు. శబ్దం తగలకుండా ఇద్దరూ చెవులకు డిప్పలు పెట్టుకున్నారు.

రేష్మా కూర్చుంది. బోల్టు లాగింది. మూడుసార్లు కాల్చింది. తొందర పడలేదు.

కాగితం దగ్గరికి ఆయనే నడిచి పోయాడు. కంటిని నమ్మకుండా వేలితో తడిమాడు. చిల్లుకూ చిల్లుకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంది.

రేష్మా ముఖం వాడిపోయింది. నేను కాల్చింది వేరే తుపాకి, అది ఇట్లా లేదు అని మాత్రం అంది. నబీ రసూల్‌కు గుండె మీంచి బండ దిగినట్టయింది. తన మాటే నిజమైంది. తుపాకి మంచిది కాదు. ఇంక వాపసు కాగితం రాయించవచ్చు. కన్ను గురించి ఎవరూ ఎత్తరు. ముగ్గురూ ఇక్కడే ఉండవచ్చు.

తుపాకిని పెట్టెలో పెట్టడానికి ఎత్తాడు. అలవాటుగా చెయ్యి గొట్టం కింద పాకింది. ఒక చోట ఆగింది. అక్కడ ప్లాస్టిక్ పిడి గొట్టాన్ని తాకుతోంది. రెండింటి మధ్యా గాలి ఆడే సందు ఉండాలి. తాకిందంటే కాల్చినప్పుడల్లా గొట్టాన్ని పక్కకు నెడుతుంది. చవక తుపాకులకు ఉండే జబ్బే అది. అరగంట పనితో పోతుంది. అది చూడకుండా ఆయన ఏ తుపాకినీ బల్ల ఎక్కించేవాడు కాదు. ఈ నెలన్నరలో ఒక్కదాన్నీ చూడలేదు. చూసి బాగుచేశాక కూడా చిల్లులు చెదిరితే, ఇంక మిగిలేది తన కన్ను ఒక్కటే. ఆ భయంతో చూడలేదు.

చెయ్యి తీసేసి ఊరుకుంటే సరిపోతుంది. రేష్మాకు ఆ సంగతి తెలియదు.

చెయ్యి అక్కడే ఉంచాడు. తర్వాత జేబులోంచి ఐదు రియాళ్ల నోటు తీసి గొట్టానికీ పిడికీ మధ్య దూర్చి లాగాడు. సగంలో ఇరుక్కుంది.

"ఇట్ల రా. ఇది చూడు," అన్నాడు.

రెండు మరలు విప్పి పిడి వేరు చేశాడు. కర్రకు గరుకు కాగితం చుట్టి లోపల అరగదీశాడు. కళ్లు మూసుకునే చేశాడు. వేళ్లకు అన్నీ తెలుసు. మధ్యమధ్యలో కూతురి వేలు పట్టుకుని లోపల ఎక్కడ ఎత్తుగా ఉందో తాకించాడు. ఆమె అది వరకు ఎప్పుడూ తండ్రి పని అంత దగ్గరగా చూడలేదు. మరలు బిగించాక నోటు ఈ చివర నుంచి ఆ చివరకు జారిపోయింది.

"మళ్లీ కాల్చు."

మూడు గుండ్లు. ఈసారి ఇద్దరూ కలిసి నడిచారు. నబీ రసూల్ కాగితం మీద బొటనవేలు పెట్టాడు. మూడు చిల్లులూ దాని కింద దాగిపోయాయి. వేలు తీయలేదు. రేష్మా ఆయన మోచేయి పట్టుకుంది. ఆయన వదిలించుకోలేదు.

తొమ్మిదింటికి అబూ నాసర్ వచ్చాడు. నబీ రసూల్ రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి, వచ్చిన అరబ్బీలో చెప్పాల్సింది చెప్పాడు. తుపాకుల తప్పు లేదని, కొన్నింటికి చెయ్యి పడితే చాలని, ఆరు నెలలుగా తన కుడి కన్ను పనిచేయడం లేదని, దాచింది తానేనని. అబూ నాసర్ కాగితాలు తిప్పి చూశాడు. ఇవి ఎవరు కాల్చారని అడిగాడు.

"నా కూతురు," అన్నాడు నబీ రసూల్.

అబూ నాసర్‌కు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నీ పేరు చూపించి జనానికి అమ్మాను, నాకైనా చెప్పవలసింది అన్నాడు. నబీ రసూల్ తల వంచుకుని నిలబడ్డాడు. కోపం దిగాక అబూ నాసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తన తల్లికి కూడా రెండు కళ్లకూ అదే తెర వచ్చిందని, కోయించుకుని ఎనభై ఏళ్లప్పుడు సూదిలో దారం ఎక్కించిందని చెప్పాడు. కంటి ఆపరేషన్‌కు ఇన్సూరెన్సు కాగితం మీద సంతకం చేశాడు. ఆరు నెలల్లో అమ్మిన వాటినీ వెనక్కి పిలిపించి మళ్లీ చూడాలన్నాడు. కన్ను బాగయ్యేదాకా పిడి పని తండ్రి చూడాలి, కూతురు కాల్చాలి, కాగితం మీద ఆమె పేరు ఉండాలి అన్నాడు. ఉద్యోగం సంగతి మూడు నెలల తర్వాత చూస్తానన్నాడు. అంతకు మించి మాట ఇవ్వలేదు.

నబీ రసూల్ ఆయిద్‌కు తానే ఫోన్ చేశాడు. పొరపాటు నాదే, నీకు కావలసిన తుపాకి తయారుగా ఉంది అని చెప్పాడు. ఆయిద్ ఎందుకని అడగలేదు. శుక్రవారం నమాజు తర్వాత వస్తానన్నాడు.

ఇంటికి పోయేటప్పుడు నబీ రసూల్ బండి తాళాలు కూతురి చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. కొండ దారి. రోడ్డు పక్కన దానిమ్మకాయలు అమ్మేవాళ్లు బుట్టలు సర్దుకుంటున్నారు. రేష్మా అడిగింది.

"నా మీద కోపముందా నాయనా?"

మలుపు తిరిగాక ఆయన అన్నాడు.

"రెండో గుండు ఎడమకు లాగినావు."

"ఆఁ?"

"ఊపిరి నిండా బిగబట్టి ఒత్తుతాండావు. అట్ల కాదు. సగం వదిలినాంక ఒత్తాల. రేపు చూపిస్తా."

రేష్మాకు రోడ్డు మసకబారింది. బండి పక్కకు తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. నబీ రసూల్ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. వచ్చే పోయే లారీలు హారన్లు కొడుతున్నాయి. కాసేపు ఏడవనిచ్చాడు.

"ఇంక కండ్లు తుడుచుకోమ్మా," అన్నాడు. "బండ్లో ఒకరికన్నా దోవ కనపడాల."

ఏడుస్తూనే ఆమె నవ్వింది. బండి కదిలింది.